పక్క చేను వదిన

చెక్కు తెచ్చుకుందామని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పొద్దున్నే గంపలగూడెం వెళ్ళిన వెంకటప్పయ్య మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చెప్పులు వాకిట్లో విడిచి, కాళ్ళయినా కడుక్కోకుండా అరుగు మీద చతికిలబడి మజ్జిగ తెమ్మన్నాడు. గ్లాసు చేతికిస్తూ, చెక్కు ఇచ్చారా అని అడిగింది భార్య శివపార్వతి.

"ఇవ్వలేదు. నువ్వే రావాలంట," అన్నాడాయన మజ్జిగలోకి చూస్తూ.

అది పంట పోయిన పత్తి రైతులకు ప్రభుత్వం ఇస్తున్న పెట్టుబడి సబ్సిడీ చెక్కు. కిందటి దసరా వెళ్ళీ వెళ్ళకముందే వానలు పట్టుకున్నాయి. కట్టలేరు వాగు పొంగి ఊళ్ళోకి బస్సు రావడం మానేసింది. మెరక చేలు ఎలాగో తట్టుకున్నాయి గానీ, పల్లపు చేలల్లో నీళ్ళు వారం దాకా కదల్లేదు. వెంకటప్పయ్య సాగు చేస్తున్న మూడెకరాల నల్లరేగడిలో పత్తి నిలువునా ఎర్రబారి, గూడ కట్టిన మొగ్గలు రాలిపోయి, పగలాల్సిన కాయలు చెట్టునే కుళ్ళిపోయాయి. వాన తెరిపిచ్చాక మండల వ్యవసాయాధికారి సుధామయి, పట్టుమని ముప్ఫై ఏళ్ళు లేని అమ్మాయి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగి చేనుచేనూ చూసి రాసుకుని వెళ్ళింది. ఇదిగో వస్తాయి, అదిగో వస్తాయి అనుకోగా అనుకోగా, చలి పోయి ఎండ ముదురుతున్నప్పుడు చెక్కులొచ్చాయి.

చిక్కల్లా చేను ఎవరి పేర ఉందన్న దగ్గర వచ్చింది. ఆ మూడెకరాలు శివపార్వతి పెళ్ళప్పుడు ఆమె నాన్న పసుపుకుంకుమ కింద రాసిచ్చినవి. పట్టా ఆమె పేరు మీదే ఉంది. అది ఇంట్లో ఎవరూ దాచిన సంగతీ కాదు, ఎవరూ తలుచుకునే సంగతీ కాదు. శిస్తు కట్టినా, సొసైటీ నుంచి ఎరువుల బస్తాలు తోలించినా, కూలీలను పురమాయించినా అన్నీ వెంకటప్పయ్యే. పాతికేళ్ళుగా ఊరంతా దాన్ని వెంకటప్పయ్య గారి చేను అనే అంటోంది. శివపార్వతి కూడా కలుపుకు వెళ్తూ ఎవరైనా ఎక్కడికని అడిగితే, మా ఆయన చేలోకి అనే చెప్పేది.

మండలాఫీసులో చెక్కులిస్తూ శివపార్వతి అని పేరు పిలిస్తే వెంకటప్పయ్య లేచి నిలబడ్డాడట. గదిలో ఉన్న జనమంతా నవ్వారట. సుధామయి మాత్రం నవ్వకుండా, అందుకోవాల్సింది పేరున్న మనిషేనని, దాన్ని ఆవిడ పేరు మీద బ్యాంకు ఖాతాలో వేస్తే తప్ప డబ్బు చేతికి రాదని మర్యాదగానే చెప్పి పంపించింది. ఆ నవ్వు వెంకటప్పయ్యకు దారి పొడుగునా చెవుల్లో మోగుతూనే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. కోపం వస్తే మాట్లాడడం మానేసే రకం, అంతే. ఆ పూట గోంగూర పచ్చడి కలుపుకుని రెండు ముద్దలు ఎక్కువే తిని, రేపు తొమ్మిదింటికల్లా తయారవ్వమని మాత్రం చెప్పాడు.

మర్నాడు ఆమె నేరేడుపండు రంగు నేతచీర కట్టుకుంది. గంపలగూడెంలో చెక్కు తీసుకుంటూ సంతకం పెట్టడానికి కొంచెం తడబడింది. ఏడో తరగతి దాకా చదివిన మనిషే గానీ, పెళ్ళయ్యాక సంతకం పెట్టాల్సిన అవసరాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా రాలేదు. శివ అని రాసి కాస్త ఆగి, పార్వతి అని పూర్తి చేసింది. సుధామయి చెక్కు చేతికిస్తూ, మీ చేలో నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో చూసుకోండమ్మా, ప్రభుత్వం ఏటా ఇవ్వదు అంది. ఆ మాట ఆమె కేసి చూసి చెప్పింది, ఆయన కేసి కాదు. శివపార్వతికి అది కొత్తగా అనిపించింది.

షేర్ ఆటోలో తిరువూరు వచ్చారు. బోసు బొమ్మ సెంటర్లో దిగి, దగ్గర్లోనే ఉన్న స్టూడియోలో బ్యాంకు ఖాతా కోసం ఆమెకు ఫోటో తీయించారు. ఫోటోగ్రాఫరు గడ్డం కొంచెం పైకెత్తమంటే ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు ఫోటోలో అలాగే పడింది. బ్యాంకు మనిషి మనిషికి తగులుతూ కిక్కిరిసి ఉంది. చుట్టుపక్కల మండలాల్లో పత్తి పోయిన వాళ్ళంతా అక్కడే ఉన్నట్టున్నారు.

ఖాతాలు తెరిచే కౌంటర్లో పరబ్రహ్మం గారని నుదుట విభూతి పెట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. కాగితాలు నింపుతూ ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఊరు, వయసు, భర్త పేరు అన్నీ వెంకటప్పయ్యే చెబుతున్నాడు. వృత్తి అని అడిగితే, ఇంటిపని అని రాయండి అన్నాడు.

"వ్యవసాయం అండి," అంది శివపార్వతి.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. చేతిలో చెక్కు ఉంది, దాని మీద పంట నష్టానికి అని ఉంది. ఇంటిపని చేసేవాళ్ళకి పంటెలా పోతుంది అని ఒక్క క్షణం అనిపించింది, నోరు దానంతటదే కదిలింది. వెంకటప్పయ్య తలతిప్పి ఆమెను చూశాడు. పరబ్రహ్మం గారు ఇద్దరినీ చూసి, వ్యవసాయం అని రాసుకుని, ఈ బ్యాంకులో ఖాతా ఉండి మిమ్మల్ని ఎరిగిన వాళ్ళెవరైనా పరిచయ సంతకం పెట్టాలన్నాడు.

వెంకటప్పయ్యకు సొసైటీలో తప్ప ఎక్కడా ఖాతా లేదు. తెలిసినవాళ్ళ కోసం బ్యాంకంతా కలయజూశాడు. ఊరి వాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, అందరూ ఖాతా తెరవడానికే వచ్చారు. అంతలో పరబ్రహ్మం గారే కళ్ళజోడు పైనుంచి చూస్తూ, మీ ఊరావిడ అక్కడున్నారుగా, ఆవిడకి మహిళా సంఘం ఖాతా ఇక్కడే ఉంది అని గోడవారగా ఉన్న బెంచీ వైపు చూపించాడు.

బెంచీ మీద కూర్చుని ఉన్నది సరోజినీదేవి. వాళ్ళ పక్క చేను దశరథరామయ్య భార్య.

ఈ రెండు కుటుంబాలకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. రెండు చేల మధ్యా ఒకప్పుడు మురుగు కాలువ ఉండేది. పైనుంచి వచ్చిన వాన నీరు దాంట్లో పడి కిందనున్న వాగులో కలిసిపోయేది. కాలువ నా భూమిలో ఉందని ఈయన, కాదు నా భూమిలోనే ఉందని ఆయన, ఇద్దరూ అనుకున్నారు. ఏటా దుక్కి దున్నేటప్పుడు ఇటునుంచి ఈయన జానెడు, అటునుంచి ఆయన జానెడు కలుపుకుంటూ వచ్చారు. చివరికి ఒక ఏడు చూస్తే కాలువే లేదు. నువ్వు పూడ్చావంటే నువ్వు పూడ్చావని గట్టు మీద నిలబడి అరుచుకున్నారు. అంతకుముందు ఒకరినొకరు బావా అని పిలుచుకున్న మనుషులు ఆ తర్వాత ఎదురుపడితే పక్క సందులోకి తిరగడం మొదలెట్టారు. మగవాళ్ళు మానేశారు కాబట్టి ఆడవాళ్ళూ మానేశారు. పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో వేరువేరు వరసల్లో కూర్చునేవారు. అంత చేసి, ఆ కాలువ లేకపోబట్టే ఇద్దరి పత్తీ నీళ్ళల్లో నానింది.

వెంకటప్పయ్య గొంతు సవరించుకుని, తిరుగు ఆటో సంగతి చూసొస్తానని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

వెనక వరసలో ఉన్నవాళ్ళు తొందర పెడుతున్నారు. ఇంతలో సరోజినీదేవే లేచి, కొంగు సర్దుకుంటూ కౌంటరు దగ్గరికొచ్చి ఎక్కడ పెట్టాలని అడిగింది. ఈవిడ మీకు తెలుసా, ఎన్నాళ్ళుగా తెలుసు అని పరబ్రహ్మం గారు రివాజు ప్రకారం అడిగాడు.

"తెలుసండి, మా ఆడపడుచు వరస. ఆరేళ్ళుగా మాట్లాడుకోవట్లేదు, అంతే," అంది సరోజినీదేవి సంతకం పెడుతూ.

పరబ్రహ్మం గారు కలం ఆపి ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూశాడు. ముందు నవ్వింది శివపార్వతి. తర్వాత సరోజినీదేవికీ ఆగలేదు. ఆ పెద్దాయన కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మాట్లాడుకోండమ్మా, పాస్‌బుక్కు తయారవడానికి ఎలాగూ గంట పడుతుంది అన్నాడు.

ఆ గంటా బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మొదట పిల్లల సంగతులొచ్చాయి. సరోజినీదేవి కూతురు గీతాంజలి నూజివీడులో టీచరు ట్రైనింగు అవుతోందట, శివపార్వతి కొడుకు అనుదీప్‌కి విజయవాడలో మందుల కంపెనీలో ఉద్యోగమొచ్చిందట. పుట్టిన రోజు నుంచీ చూసిన పిల్లల కబుర్లు ఇన్నాళ్ళకి ఒకరి నుంచి ఒకరికి చేరాయి. తర్వాత మాట చెక్కు మీదికి మళ్ళింది. సరోజినీదేవి చేతిలో కూడా చెక్కుంది. అది ఆమె పేరు మీదే ఉంది. భూముల మీద సీలింగు పెట్టిన రోజుల్లో మామగారు ముందుజాగ్రత్తగా కోడలి పేరు మీద రాయించిన భూమట అది.

"అయితే వదినా, ఆ గట్టుకి అటు నువ్వు, ఇటు నేను," అంది శివపార్వతి నెమ్మదిగా.

"మరే. పోట్లాడుకుంది మాత్రం వాళ్ళు," అంది సరోజినీదేవి.

నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో చూసుకోండి అన్న సుధామయి మాట శివపార్వతి చెప్పింది. చూసుకోవడానికేముంది, ఊళ్ళో పిల్లల్ని అడిగినా చెబుతారు అంది సరోజినీదేవి. నీళ్ళు నిలిచినందుకు వచ్చిన డబ్బు నీళ్ళు పోవడానికే పెడితే ఎలా ఉంటుందని శివపార్వతి అడిగింది. కాలువ ఇద్దరి భూమిలోనూ సమంగా పోవాలి, ఖర్చు ఇద్దరూ సమంగా పెట్టుకోవాలి. ఎండాకాలం చేలు ఖాళీగా ఉన్నప్పుడే పని అయిపోవాలి. సరోజినీదేవి ఆలోచించడానికి పెద్దగా సమయం తీసుకోలేదు. మా ఆయన్ని నేను చూసుకుంటాను, మా అన్నయ్య కోపం నువ్వు చూసుకో అంది. ఇద్దరూ బయటికొచ్చేసరికి వెంకటప్పయ్య చెట్టునీడన ఆటో డ్రైవరుతో బేరం ఆడుతున్నట్టు నటిస్తున్నాడు. సరోజినీదేవిని చూసి ఆకాశం వైపు చూశాడు.

ఇంటికొచ్చాక, చెక్కు డబ్బు పడగానే పురుగుమందుల కొట్టుకి కట్టెయ్యాలని వెంకటప్పయ్య అన్నాడు. శివపార్వతి అన్నం పెట్టి, ఆయన తిని చెయ్యి కడుక్కున్నాక కాలువ సంగతి చెప్పింది. కొట్టు బాకీ ఆయన పేరున ఉన్న మెరక పొలంలో మిరపకాయ అమ్మాక తీర్చవచ్చని, ఈ డబ్బు మాత్రం కాలువకేనని, సరోజిని వదినతో మాటయిపోయిందని వరసగా చెప్పుకుపోయింది. ఆయన వింటూ వింటూ లేచి నిలబడ్డాడు.

"నన్నడక్కుండానే మాటిచ్చావా?"

"మిమ్మల్ని అడిగితే మీరు వద్దంటారు. వద్దన్నాక మాటిస్తే మీ మాట కాదన్నట్టుంటుంది. అందుకని ముందే ఇచ్చాను," అంది శివపార్వతి.

ఈ లెక్క ఎక్కడ తప్పో ఆయనకు వెంటనే తోచలేదు. మన భూమిలో అంత మేర పోతుందే అన్నాడు చివరికి. ఈ మూడెకరాల పంటా నీళ్ళలో పోయిన దానికంటే తక్కువే పోతుందిలెండి అందామె. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికెళ్ళిపోయాడు. అలవాటు ప్రకారం మాట్లాడడం మానేశాడు. కానీ ఈసారి శివపార్వతి కూడా ఏమీ అనకుండా, వేళకి కాఫీ ఇస్తూ, అన్నం పెడుతూ, తన పనిలో తానుంది. ఆమె బతిమాలకపోయేసరికి ఆయనకి కోపం కాపాడుకోవడం కష్టమైంది. నాలుగో రోజు సాయంత్రం ఎవరితోనో అన్నట్టు గోడకేసి చూస్తూ, తవ్వడానికి ఎవర్ని పిలుస్తున్నారు అని అడిగాడు. ఎ.కొండూరు అంతోనయ్య పొక్లెయిన్ అని ఆమె చెప్పింది. వాడైతే పని శుభ్రంగా చేస్తాడులే అని ఆయన లోపలికెళ్ళాడు.

రోహిణి ఎండల్లో ఒక ఉదయం పొక్లెయిన్ వచ్చింది. రెండు చేల మధ్య సరిహద్దు రాళ్ళ నుంచి కొలిచి, కొబ్బరితాడు లాగి కట్టారు. ఆడవాళ్ళిద్దరూ తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. ఇటు గట్టు మీద వెంకటప్పయ్య, అటు గట్టు మీద దశరథరామయ్య, ఇద్దరూ తలగుడ్డలు చుట్టుకుని కాపలా నిలబడ్డారు. పొక్లెయిన్ పంజా భూమిలో దిగిందో లేదో వెంకటప్పయ్య చెయ్యెత్తాడు.

"అంతోనయ్యా, తాడు ఇటు జానెడు జరిగిందని ఆయనకి చెప్పు."

"అంతోనయ్యా, తాడు రాయి దగ్గరే కట్టిందని ఆయనకే నువ్వు చెప్పు," అన్నాడు దశరథరామయ్య.

అంతోనయ్య ఇద్దరికీ చెప్పాడు. ఇంకాస్త ముందుకెళ్ళాక మట్టి ఏ వైపు పొయ్యాలన్న దాని మీద మళ్ళీ అదే తంతు. తర్వాత లోతు మీద. ఇంజను హోరులో అటువైపు మాట ఇటూ ఇటువైపు మాట అటూ అరిచి చెప్పీ చెప్పీ అంతోనయ్య గొంతు బొంగురుపోయింది. ఉన్నట్టుండి ఇంజను ఆపేసి కిందికి దిగి, తుమ్మచెట్టు దగ్గరికొచ్చి చెంబెత్తి నీళ్ళు తాగాడు. తర్వాత బీడీ వెలిగించుకుని మట్టికుప్ప మీద కూర్చున్నాడు.

"అయ్యా, నాకు గంట లెక్కన కిరాయి. మీరిద్దరూ మాట్లాడుకున్నాకే మళ్ళీ బండెక్కుతా. అప్పటిదాకా కిరాయి పడుతూనే ఉంటది," అన్నాడు.

ఇంజను ఆగేసరికి చేనంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఏమీ ఎరగనట్టు తలలు తిప్పుకున్నారు. లేచి వెళ్ళి తానే ఏదో ఒకటి చెప్పి సర్దాలని శివపార్వతికి అనిపించింది. సరోజినీదేవి ఆమె మోకాలి మీద చెయ్యేసి ఆపింది. గట్ల మీద మగవాళ్ళు ఎండలో చెరో దిక్కూ చూస్తూ నిలబడ్డారు. అంతోనయ్య బీడీ సగం అయింది.

దశరథరామయ్య అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తూ, "ఏం బావా, ఆ కింది రాయి నీకు కనపడుతోందా? ఆపరేషనైన కాణ్ణుంచి ఎండలో నాకు చూపు ఆనట్లేదు," అన్నాడు.

వెంకటప్పయ్య చటుక్కున ఆయన వైపు తిరిగాడు.

"ఆపరేషనేంటి? ఎప్పుడు?"

"కంటికి. పోయినేడు. శుక్లాలు."

"నాకెవరూ చెప్పలేదే," అన్నాడు వెంకటప్పయ్య. ఆ గొంతులో కోపం లేదు. చెప్పవలసిన వాళ్ళు ఎవరూ లేకుండా చేసుకున్నది తామేనని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. ఎండలో నిలబడకు బావా, నల్లద్దాలు పెట్టుకోమన్నారా లేదా డాక్టర్లు అన్నాడు. పెట్టుకోమన్నారు గానీ అవి పెట్టుకుంటే సినిమా యాక్టరులా ఉన్నానని మీ చెల్లెలు నవ్వుతోంది అన్నాడు దశరథరామయ్య. తుమ్మచెట్టు కింద సరోజినీదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకటప్పయ్య తవ్విన మట్టిలో దిగి, అటు గట్టెక్కి, బావ మోచెయ్యి పట్టుకుని కింది రాయి దాకా నడిపించుకుని వెళ్ళాడు. అక్కడ ఇద్దరూ వంగి చూశారు. తాడు ఎటూ జరగలేదు. సరిగ్గానే ఉంది.

అంతోనయ్య బీడీ పారేసి బండెక్కాడు. పొద్దు వాలేసరికి కాలువ వాగు దాకా వెళ్ళింది. మధ్యాహ్నం ఆడవాళ్ళు తెచ్చిన క్యారేజీలు విప్పి అయిదుగురూ చెట్టుకిందే తిన్నారు. వెంకటప్పయ్య తమ ఇంటి మామిడికాయ పప్పు కన్నా సరోజిని చెల్లెలి దోసావకాయే బాగుందని అంటే, శివపార్వతికి కోపం రావాల్సింది పోయి కడుపు నిండింది.

ఆ వర్షాకాలం మళ్ళీ ఇద్దరూ పత్తే వేశారు. చేను బాగా ఎదిగింది. భాద్రపదం చివర్లో రెండు పగళ్ళూ రెండు రాత్రులూ ఎడతెరపి లేకుండా వాన కొట్టింది. రెండో రోజు తెల్లారగట్ల శివపార్వతికి ఇక ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. యూరియా సంచి గొంగళిలా నెత్తిన కప్పుకుని బయల్దేరింది. వెంకటప్పయ్య ఆగు ఆగు అంటూ గొడుగు పట్టుకుని వెనకాలే వచ్చాడు. డొంకలో మోకాల్లోతు నీళ్ళు. పైనున్న మిగతా రైతుల చేలన్నీ చెరువుల్లా మెరుస్తున్నాయి. ఎవరి మాటా వినకుండా ఖర్చు పెట్టించింది తానే కదా, నీళ్ళు నిలిచి ఉంటే ఇంటికెళ్ళి ఏ ముఖంతో అన్నం వండాలి అనుకుంది.

గట్టెక్కి చూస్తే కాలువ నిండుగా, ఎర్రగా, చెత్తాచెదారం మోసుకుంటూ వాగు వైపు పరుగెత్తుతోంది. పత్తి మొక్కల మొదళ్ళ దగ్గర బురదే గానీ నీళ్ళు లేవు. సాళ్ళ చివర్ల నుంచి సన్నటి ధారలు ఒక్కొక్కటే వచ్చి కాలువలోకి దూకుతున్నాయి. ఆమె సంచి తీసేసి వానలోనే నిలబడి చూసింది. తడిసిపోతున్నావే అంటూ వెంకటప్పయ్య గొడుగు ఆమె మీదికి జరిపాడు. ఆ వానలో అవతలి గట్టు మీద నల్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ దశరథరామయ్య చెయ్యూపాడు.

తర్వాత వారం సుధామయి మళ్ళీ పంట నష్టం రాసుకోవడానికి వచ్చింది. పై చేల వాళ్ళ పేర్లు రాసుకుని, ఈ రెండు చేల దగ్గరికొచ్చేసరికి కలం ఆపి కాలువ పొడుగునా నడిచింది. ఎవరు తవ్వించారని అడిగితే, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు అని దశరథరామయ్య చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి శివపార్వతి పెట్టిన టీ తాగి, పై చేల వాళ్ళకి కూడా ఇదే చెప్పండమ్మా, నేను చెబితే ఆఫీసు మాటనుకుంటారు అంది. ఊళ్ళో టీ కొట్టు దగ్గర కొందరు, ఈ ఏడు నీకు సబ్సిడీ చెక్కు రాదటగా వెంకటప్పయ్యా అని ఆటపట్టించారు. రాదు, రాకపోతే పీడాపోయింది, పత్తి వస్తుంది అన్నాడాయన. ఆయన ఆ మాట గర్వంగా అన్నాడని ఎవరో చెప్పగా విని, శివపార్వతి ఆ పూట గారెలు వండింది. ఎండాకాలానికల్లా పై చేల వాళ్ళు నలుగురు కలిసి కాలువని ఇంకా పైకి పొడిగించుకున్నారు. వాళ్ళ తగూలు తీర్చడానికి సరోజినీదేవి, శివపార్వతి రెండుసార్లు ఎండలో గొడుగులేసుకుని వెళ్ళాల్సి వచ్చింది.

ఇక మిగిలింది కాలువ గట్టు. తోటల శాఖ వాళ్ళు సబ్సిడీ మీద మొక్కలిస్తున్నారని తెలిసి, గట్టు మీద ఏం వెయ్యాలన్న దాని మీద మగవాళ్ళిద్దరికీ మాటామాటా వచ్చింది. కొబ్బరి వేస్తే పదేళ్ళకైనా ఇంటికి కాయలొస్తాయని వెంకటప్పయ్య. టేకు వేస్తే మనవళ్ళ పెళ్ళిళ్ళకి పనికొస్తుందని దశరథరామయ్య. టేకు నీడ పత్తి మీద పడుతుంది బావా అని ఈయన, కొబ్బరి మట్ట తల మీద పడుతుంది బావా అని ఆయన. పొద్దున టీ కొట్టు దగ్గర మొదలెట్టి, చేలో కొనసాగించి, సాయంత్రం వెంకటప్పయ్య అరుగు మీద కూర్చుని మళ్ళీ మొదటికొచ్చేవారు. ఆరేళ్ళ మాటలన్నీ బాకీపడ్డట్టు మాట్లాడుకున్నారు. శివపార్వతి టీలు అందిస్తూ రెండు వైపులా తలూపేది.

ఆ గొడవ సాగుతుండగానే ఒక సాయంత్రం సరోజినీదేవి తన దొడ్లో మునగచెట్టు కొట్టించి, కొమ్మలు మోపు కట్టి తెచ్చింది. ఇద్దరూ గడ్డపారతో గుంటలు వేసుకుంటూ, గట్టుకి అటొకటి ఇటొకటి నాటుకుంటూ వెళ్ళారు. చీకటి పడేసరికి వాగు దాకా అయిపోయింది. చేతులు కడుక్కుని ఇంటికొస్తే, అరుగు మీద మగవాళ్ళు ఇంకా టేకు దగ్గరే ఉన్నారు. ఎక్కడికెళ్ళారు ఇంతసేపని వెంకటప్పయ్య అడిగాడు. చేలోకి అని చెప్పి, సరోజినీదేవిని భోజనానికి ఉండిపొమ్మంటూ శివపార్వతి లోపలికెళ్ళి బియ్యం కడిగింది.